జాపా దారిలో జారిపోయేది కాగితాల దగ్గరే

సంపాదకులకు నమస్కారం.

విదేశీ చదువుల మీద మీరు వేస్తున్న పేజీని నైజీరియాలో ఉంటున్న తెలుగువాళ్లం కూడా వదలకుండా చదువుతాం. లాగోస్, అబుజా, పోర్ట్ హార్‌కోర్ట్, కానో నగరాల్లోని ఫ్యాక్టరీల్లో, ఆస్పత్రుల్లో, బడుల్లో పనిచేస్తున్న మనవాళ్లను నైజీరియన్ సహోద్యోగులు తరచూ అడిగే మాట ఒకటుంది: "మీ పిల్లలు ఇంతమంది వెళ్తున్నారు కదా, మావాడికి కాస్త దారి చెప్పండి." మనవాళ్లు మంచి మనసుతోనే చెబుతారు. కాకపోతే మన దగ్గర నడిచే పద్ధతి చెబుతారు. బ్యాంకు విద్యారుణం మంజూరు ఉత్తరం పెట్టమంటారు, మేనమామ చేత అఫిడవిట్ రాయించమంటారు. నైజీరియన్ పాస్‌పోర్టు మీద ఆ సలహాలు పనికిరావు, ఒక్కోసారి పొలం అమ్మిన డబ్బుతో సహా కుటుంబాన్ని ముంచేస్తాయి. అందుకే ఈ ఉత్తరం. ఇక్కడ వీసా కాగితాల పని దగ్గరుండి చూసేవాళ్లం కాబట్టి, ఎక్కడ దెబ్బ తగులుతుందో, ఎందుకు తగులుతుందో వివరంగా రాస్తున్నాం.

ముందు ఒక మాట. దేశం విడిచి వెళ్లడాన్ని ఇక్కడ "జాపా" అంటారు. యొరుబా మాట అది, తెంచుకుని పారిపోవడమని అర్థం. ఎందుకు పారిపోతున్నారని అడిగేవాళ్లకు రెండు సంగతులు చాలు. 2022 ఫిబ్రవరి 14న మొదలైన విశ్వవిద్యాలయ అధ్యాపకుల సమ్మె అక్టోబరు 14 దాకా, ఎనిమిది నెలలు సాగింది. నాలుగేళ్ల డిగ్రీకి చేరిన పిల్లలు ఆరేళ్లకు బయటపడ్డారు. 2023 జూన్‌లో నైరాను మార్కెట్‌కు వదిలేశాక, డాలరుకు 470 దగ్గర ఉన్న రేటు ఏడాది తిరక్కుండానే 1,500 దాటింది. విదేశీ ఫీజు కోసం దాచుకున్న డబ్బు విలువ మూడో వంతుకు పడిపోయింది. వెళ్లాలన్న కోరిక బలపడిందీ అప్పుడే, వెళ్లే స్తోమత తగ్గిందీ అప్పుడే.

పని మొదలుపెట్టాల్సింది పేరుతో. ఇది చాలా చిన్న విషయంగా కనిపిస్తుంది కాబట్టే చివరికి నెట్టేస్తారు. యొరుబా ఇంట్లో పుట్టిన పిల్లాడి పూర్తి పేరు ఒలువాసెయున్ అయితే బడిలో సెయున్ అని రాస్తారు. పదో ఏట ఎవరో రాసిన ఆ పేరే పన్నెండో తరగతి స్థాయి వేయెక్ పరీక్ష సర్టిఫికెట్‌లోకి ఎక్కుతుంది. జాతీయ గుర్తింపు సంఖ్య తీసుకునేటప్పుడు పూర్తి పేరు ఇస్తాడు. బ్యాంకు ఖాతాలో ఇంటిపేరు ముందు, సొంత పేరు వెనక ఉంటుంది. ఉత్తరాది హౌసా కుటుంబాల్లో తండ్రి పేరే చివరి పేరుగా నడుస్తుంది, తమ్ముడి సర్టిఫికెట్‌లో తాత పేరు ఉండొచ్చు. పెళ్లయిన ఆడవాళ్లకు డిగ్రీలో పుట్టింటి పేరు, పాస్‌పోర్టులో అత్తింటి పేరు. ఈ నాలుగు కాగితాలూ ఒకే మనిషివని అవతల కూర్చున్న అధికారి తనంతట తాను నమ్మడు, నమ్మాల్సిన బాధ్యత కూడా ఆయనకు లేదు.

దిద్దుకునే వరస ఇది. హైకోర్టులో పేరు మార్పు అఫిడవిట్, ఆ తర్వాత దినపత్రికలో ప్రకటన, ఆ ప్రకటన ముద్రణ అయిన పేజీ మొత్తం భద్రం చేసుకోవడం. ఆ రెండింటితో ముందు 11 అంకెల జాతీయ గుర్తింపు సంఖ్యలో మార్పించాలి, తర్వాత బ్యాంకు ధ్రువీకరణ సంఖ్యలో, అన్నింటికన్నా ఆఖరున పాస్‌పోర్టు. పాస్‌పోర్టు కార్యాలయం వివరాలను జాతీయ గుర్తింపు సంఖ్య నుంచే తీసుకుంటుంది కాబట్టి వరస తప్పితే పాత పేరుతోనే కొత్త పుస్తకం చేతికొస్తుంది. 2025 సెప్టెంబరు 1 నుంచి ఐదేళ్ల 32 పేజీల పాస్‌పోర్టు లక్ష నైరాలు, పదేళ్ల 64 పేజీలది రెండు లక్షలు. రెండుసార్లు కట్టుకునే డబ్బు కాదది. వేయెక్ సర్టిఫికెట్‌లో పేరు మార్పించడం చాలా కష్టం, అందుకని వీలైనంతవరకు మిగతా కాగితాలనే దానికి దగ్గరగా తెచ్చుకోవడం మేలని మా అనుభవం. పుట్టిన తేదీ తేడా ఉంటే ఇంకా ముందే కదలాలి. గుర్తింపు సంఖ్యలో అన్ని మార్పుల్లోకీ ఎక్కువ రుసుము, ఎక్కువ పరిశీలన దానికే.

జనన ధ్రువపత్రం గురించి కూడా ఇక్కడే చెప్పాలి. ఆస్పత్రి ఇచ్చిన కార్డు, ఎప్పుడో రాయించిన వయసు అఫిడవిట్ మాత్రమే ఉన్నవాళ్లు చాలామంది. జాతీయ జనాభా సంఘం ఇచ్చే ధ్రువపత్రం కావాలి. పుట్టినప్పుడు నమోదు కానివాళ్లకు అదే సంఘం జనన అటెస్టేషన్ ఇస్తుంది. తండ్రి ఖాతాలోని డబ్బు చూపించే విద్యార్థికి ఇది లేకపోతే మొత్తం దరఖాస్తే కూలిపోతుంది. ఎలాగో కింద చెబుతాం.

ఇక ట్రాన్‌స్క్రిప్టు. ఇంత కాలాన్ని తినేసే కాగితం ఇంకోటి లేదు. నైజీరియా విశ్వవిద్యాలయాల్లో చాలావాటిలో విద్యార్థి చేతికిచ్చే మార్కుల జాబితా వేరు, బయటి సంస్థకు పంపే అధికారిక ట్రాన్‌స్క్రిప్టు వేరు. కెనడా కోసం అర్హతలను మదింపు చేసే వెస్ లాంటి సంస్థలు విశ్వవిద్యాలయం నేరుగా పంపినదాన్నే తీసుకుంటాయి. దరఖాస్తు ఆన్‌లైన్‌లో పెట్టి, డబ్బు కట్టి, ఇక వస్తుందిలే అని ఇంట్లో కూర్చుంటే నెలలు గడిచిపోతాయి. ఎందుకంటే ఆ దరఖాస్తు విభాగానికి వెళ్లాలి, పాత బ్యాచ్‌ల మార్కులు పుస్తకాల్లో ఉంటే ఎవరో వెతికి ఎక్కించాలి, ఎక్కడో ఒక కోర్సు మార్కు నమోదు కాకపోతే ఆ అధ్యాపకుడు కనబడాలి, ఆయన రిటైరై ఉంటే విభాగాధిపతి సంతకం కావాలి, ఆ తర్వాతే పరీక్షల విభాగం నుంచి కదులుతుంది. సమ్మె వస్తే ఎక్కడిదక్కడే ఆగుతుంది. అందుకని డిగ్రీ చేతికొచ్చిన నెలలోనే, ఎక్కడికి వెళ్లాలో తేలకముందే, తన రికార్డులో ఖాళీ మార్కులేమైనా ఉన్నాయేమో విద్యార్థి స్వయంగా చూసుకోవాలి. ఉన్న ఊళ్లోనే ఉండగా ఆ పని ఒక పూట. లాగోస్ నుంచి ఈశాన్య మూలన ఉన్న మైదుగురి నగరానికి తిరగాల్సి వస్తే ఎన్ని వారాలు పడుతుందో చెప్పలేం. కవరు మీద వెస్ ఇచ్చిన రిఫరెన్సు సంఖ్య రాయించడం మరిచిపోతే అవతల ఆ కవరు ఎవరిదో తెలియదు. సీలు వేసిన కవరు విద్యార్థి చేతికే ఇస్తే, ఆత్రంకొద్దీ చించి చూస్తే, ఆ కాగితం అక్కడితో చెల్లదు. వెస్ మదింపు నివేదిక ఐదేళ్లు చెల్లుతుంది కాబట్టి తొందరగా తెచ్చుకుంటే పోయేదేమీ లేదు.

మార్కుల విషయంలో మనవాళ్లు తరచూ పొరబడతారు. నైజీరియాలో ఎక్కువ విశ్వవిద్యాలయాలు 5 పాయింట్ల కొలమానంలో లెక్కిస్తాయి. 4.50 పైన ఫస్ట్ క్లాస్, 3.50 నుంచి 4.49 దాకా సెకండ్ క్లాస్ అప్పర్, 2.40 నుంచి 3.49 దాకా లోయర్. 3.6 చూసి మనలో కొందరు "తక్కువే కదా" అనేస్తారు. అది మంచి మార్కు. పిల్లల ధైర్యం పోగొట్టవద్దు.

ఇంగ్లిష్ పరీక్షకు వెళ్లేముందు ఒక్క నిమిషం ఆగమని చెప్పండి. బ్రిటన్ ప్రభుత్వం ఇంగ్లిష్ మాతృభాషగా ఉన్న దేశాలని రాసుకున్న జాబితాలో ఒక్క ఆఫ్రికా దేశం కూడా లేదు. చదువంతా ఇంగ్లిష్‌లోనే సాగిన నైజీరియన్లకు ఇది బాధ కలిగించే మాటే, ఆ బాధ న్యాయమైనది. అయినా డిగ్రీ స్థాయి కోర్సులకు చాలా బ్రిటిష్ విశ్వవిద్యాలయాలు ఇంగ్లిష్ సామర్థ్యాన్ని తామే అంచనా వేసుకుంటాయి, వేయెక్‌లో ఇంగ్లిష్‌కు సి6 గ్రేడు లేదా అంతకు పైన ఉంటే ఐఈఎల్‌టీఎస్ అడగవు. ఏ గ్రేడు కావాలో, ఎన్నేళ్లలోపు రాసింది కావాలో విశ్వవిద్యాలయానికి ఒక మెయిల్ రాస్తే తెలుస్తుంది. ఫలితం సరిచూసుకోవడానికి వాళ్లు వేయెక్ స్క్రాచ్ కార్డు పిన్, సీరియల్ సంఖ్య అడుగుతారు. ఒక కార్డుతో ఐదుసార్లే చూడొచ్చు. విద్యార్థి సరదాకి నాలుగుసార్లు చూసేసి ఆ కార్డునే పంపితే రెండో అధికారి దగ్గర అది తెరుచుకోదు. కొత్త కార్డు కొని, వాడకుండా పంపాలి.

పాయింట్ల లెక్కన స్థిరనివాసం ఇచ్చే కెనడా ఎక్స్‌ప్రెస్ ఎంట్రీ పథకానికి వెళ్లేవాళ్ల పొరపాటు ఇంకొకటి. వాళ్లకు కావాల్సింది ఐఈఎల్‌టీఎస్ జనరల్ ట్రైనింగ్, చదువులకు రాసే అకడమిక్ చెల్లదు. అకడమిక్‌లో 8 తెచ్చుకుని మళ్లీ ఫీజు కట్టినవాళ్లు ఉన్నారు. ఫలితం రెండేళ్లే నిలుస్తుంది. ఆ పథకంలో పాయింట్లు బాగా పెరిగేది లిజనింగ్‌లో 8, మిగతా మూడింట్లో 7 అందుకున్న దగ్గర. రీడింగ్ 6.5 వచ్చి ఆగిపోయినవాడు ఉద్యోగానుభవం మీద ఎంత రాసుకున్నా ఆ లోటు పూడదు, మళ్లీ పరీక్ష రాయడమే మంచిది.

డబ్బు దగ్గరికి వద్దాం. తిరస్కరణలు కుప్పలుగా వచ్చేది ఇక్కడే, తప్పించుకోదగినవి కూడా ఇవే.

బ్రిటన్ విద్యార్థి వీసాకు చూపాల్సిన జీవన వ్యయం 2025 నవంబరు 11 నుంచి లండన్‌లో నెలకు 1,529 పౌండ్లు, లండన్ బయట 1,171 పౌండ్లు, గరిష్ఠంగా తొమ్మిది నెలలకు. లండన్ బయట చదివేవాడికి 10,539 పౌండ్లు అవుతుంది. దీనికి మొదటి ఏడాది ఫీజులో ఇంకా కట్టాల్సిన బాకీ కలపాలి. ఈ మొత్తం వరసగా 28 రోజులు ఖాతాలో ఉండాలి, ఒక్కరోజు కూడా తగ్గకూడదు, ఆ 28వ రోజుకీ దరఖాస్తు రోజుకీ మధ్య 31 రోజులు దాటకూడదు.

ఒక లెక్క వేసి చూపిస్తాం. ఫీజు 16,000 పౌండ్లు, డిపాజిట్‌గా 8,000 కట్టేశాడు, బాకీ 8,000. అన్నీ కలిపి చూపాల్సింది 18,539 పౌండ్లు. పౌండు 2,000 నైరాలనుకుంటే 3 కోట్ల 70 లక్షల 78 వేల నైరాలు. తండ్రి సరిగ్గా ఆ మొత్తమే వేసి 28 రోజులు ముట్టుకోకుండా ఉంచాడు. ఆ నెలలో పౌండు 2,060కి చేరింది. బ్రిటన్ అధికారులు లెక్కగట్టేది డబ్బు వేసిన రోజు రేటుతో కాదు, దరఖాస్తు పెట్టిన రోజు ఓఆండా అనే వెబ్‌సైట్ చూపే మారకపు రేటుతో. ఇప్పుడు 11 లక్షల నైరాలకు పైగా లోటు. తండ్రి తప్పేమీ లేదు, అయినా వీసా రాదు. అందుకే నైరా ఖాతాలో చూపేవాళ్లు కనీసం పది శాతం అదనంగా ఉంచాలని మేము పట్టుబట్టి చెబుతాం. వీలున్నవాళ్లు పౌండ్లలోనో డాలర్లలోనో డొమిసిలియరీ ఖాతా తెరిచి అందులో ఉంచడం ఇంకా మంచిది. బ్యాంకు కోతలను కూడా మరవొద్దు. ఎస్ఎమ్ఎస్ చార్జీ, బదిలీ మీద 50 నైరాల లెవీ, ఇలాంటి చిల్లర కోతలే నిల్వను గీత కిందికి లాగుతాయి.

డబ్బు ఎవరి ఖాతాలో ఉందన్నది మరో చిక్కు. విద్యార్థి సొంత ఖాతా, తల్లిదండ్రులది, చట్టబద్ధ సంరక్షకుడిది, లేక తనతోపాటు వీసాకు దరఖాస్తు చేసే లేదా ఇప్పటికే బ్రిటన్ వీసా ఉన్న భార్య లేదా భర్తది అయితేనే ఒప్పుకుంటారు. నైజీరియాలో పిల్లల చదువుకు పెద్దన్న, మేనమామ, చర్చిలో పెద్దమనిషి డబ్బు పెట్టడం మామూలు. వాళ్ల ఖాతా చూపిస్తే చెల్లదు. ఆ డబ్బు ముందే విద్యార్థి ఖాతాలోకి రావాలి, అక్కడ 28 రోజులు నిండాలి. తల్లిదండ్రులదైతే పైన చెప్పిన జనన ధ్రువపత్రం, వాళ్లు సంతకం చేసిన అంగీకార పత్రం జతచేయాలి. ధ్రువపత్రంలో తండ్రి పేరు, బ్యాంకు స్టేట్‌మెంటులో తండ్రి పేరు ఒకటిగా ఉన్నాయో లేదో చూడాలి. పిల్లాడి పేరు చూసుకుని తండ్రి పేరు చూడకుండా పంపేస్తారు. షేర్లు, పింఛను ఖాతా లెక్కలోకి రావు.

విద్యారుణం మాట వచ్చింది కాబట్టి: 2024లో వచ్చిన నైజీరియా విద్యారుణ చట్టం దేశంలోని ప్రభుత్వ విద్యాసంస్థలకే. దాంతో విదేశీ ఫీజు కట్టలేరు.

ఇక్కడి సామాన్య కుటుంబాలు పొదుపు చేసేది అజోలోనో ఎసుసులోనో. ఉత్తరాదిన అదాషే అంటారు. మన చిట్టీలాంటిదే, కాకపోతే వేలంపాట ఉండదు, వంతు వచ్చినవాడికి మొత్తం చేతికిస్తారు. నిజాయతీగా కూడబెట్టిన డబ్బే. కానీ నోట్ల కట్టగా వచ్చి ఒక్కరోజులో ఖాతాలో పడితే కెనడా అధికారి కంటికి అది ఎక్కడినుంచో తెచ్చిపెట్టిన సొమ్ములా కనిపిస్తుంది. ఏడాది ముందునుంచే నెలనెలా కట్టే వాటా బ్యాంకు ద్వారా కట్టమని, వంతు డబ్బు కూడా బ్యాంకు ద్వారానే తీసుకోమని చెప్పండి. పొలం అమ్మితే అమ్మకం ఒప్పందం, కొన్నవాడి దగ్గర్నుంచి డబ్బు వచ్చిన ఎంట్రీ, రెండూ జతచేసి ఒక పేజీలో వివరణ రాయాలి. ఈ ఒక్క పేజీ రాయక పోయిన వీసాలు చాలా ఉన్నాయి.

దీన్ని ఆసరా చేసుకుని బతికే వ్యాపారం ఒకటుంది. కొంత కమిషన్ తీసుకుని 28 రోజుల పాటు ఖాతాలో డబ్బు పెట్టి తీసుకెళ్లేవాళ్లు. "అందరూ చేసేదే" అంటారు. బ్రిటన్ అధికారులు బ్యాంకుకు నేరుగా ఫోను చేసో రాసో సరిచూస్తారు. ఆ డబ్బు తనది కాదని తేలితే, లేక స్టేట్‌మెంటు దొంగదని తేలితే, మోసం కింద పదేళ్ల నిషేధం. కెనడాలో తప్పుడు వివరాలకు ఐదేళ్లు. ఒకసారి పడ్డ ఆ మచ్చను ఆ తర్వాత ప్రతి దేశం ఫారంలోనూ చెప్పుకోవాలి. ఇరవై రెండేళ్ల పిల్లాడి మీద అలాంటి ముద్ర పడటం చూస్తే కడుపు తరుక్కుపోతుంది. కమిషన్ తీసుకున్నవాడికి మాత్రం ఏమీ కాదు.

బ్రిటన్ మిగతా ఖర్చులు త్వరగా చెబుతాం. వీసా ఫీజు 2025లో 524 పౌండ్లుగా ఉండేది. ఆరోగ్య సర్‌చార్జి విద్యార్థులకు ఏడాదికి 776, ఏడాది మాస్టర్స్‌కు వీసా కాలం కొన్ని నెలలు ఎక్కువ ఉంటుంది కాబట్టి మామూలుగా 1,164 అవుతుంది. ఇవి చూపించే డబ్బులోంచి తీయకూడదు, విడిగా ఉండాలి. 2024 జనవరి 1 నుంచి తరగతి బోధనతో సాగే మాస్టర్స్ విద్యార్థులు భార్యాబిడ్డలను వెంట తీసుకెళ్లలేరు, పీహెచ్‌డీ, పరిశోధన కోర్సులవాళ్లకే ఆ వీలుంది. చదువయ్యాక ఉద్యోగం వెతుక్కునే గ్రాడ్యుయేట్ వీసా 2027 జనవరి 1 నుంచి దరఖాస్తు చేసేవాళ్లకు రెండేళ్ల బదులు 18 నెలలే. 2026 సెప్టెంబరులో చేరేవాడు 2027 శరత్తులో బయటికొస్తాడు, అంటే 18 నెలల లెక్కే వాడిది. "రెండేళ్లుంటావు, అప్పు తీర్చేస్తావు" అని ఏజెంటు చూపించే పట్టికను ఆ లెక్కతో దిద్దుకోవాలి.

క్షయ పరీక్ష గురించి చాలామందికి ఆఖరి వారంలో గుర్తొస్తుంది. నైజీరియాలో ఉండేవాళ్లు ఆరు నెలలు మించిన బ్రిటన్ వీసాకు లాగోస్‌లోనో అబుజాలోనో అంతర్జాతీయ వలసల సంస్థ క్లినిక్‌లో ఎక్స్‌రే తీయించుకోవాలి. సర్టిఫికెట్ ఆరు నెలలు చెల్లుతుంది. ఎక్స్‌రేలో చిన్న నీడ కనిపించినా కఫం పరీక్షకు పంపుతారు, ఆ ఫలితానికి ఎనిమిది వారాలు పట్టొచ్చు. జబ్బు లేకపోయినా సీటు పోయేది ఆ ఎనిమిది వారాల వల్లే. సెప్టెంబరు చేరికకు మే నెలాఖరులోనో జూన్ మొదట్లోనో చేయించుకుంటే రెండువైపులా భద్రం. వెనక్కి లెక్కపెట్టుకుంటే, జులైలో వీసా దరఖాస్తు, జూన్‌లో 28 రోజుల డబ్బు మొదలు, మేలో డిపాజిట్, జనవరి నుంచి మార్చి దాకా సీటు దరఖాస్తులు, అంతకు ముందు ఏడాది అక్టోబరులో ట్రాన్‌స్క్రిప్టు, ఆ పైన పేర్ల దిద్దుబాటు. పదకొండు నెలల పని. మూడు నెలల్లో చేయిస్తానన్నవాడు ఎక్కడో ఒకచోట అబద్ధపు కాగితం పెడతాడు.

కెనడా చదువుకు ఫీజు, ప్రయాణం కాక చూపాల్సిన జీవన వ్యయం 2025 సెప్టెంబరు 1 నుంచి 22,895 కెనడా డాలర్లు. 2023 చివరిదాకా ఇది 10,000 మాత్రమే, పాత లెక్క చెప్పేవాళ్లు ఇంకా ఉన్నారు. నైజీరియన్ విద్యార్థులకు ప్రత్యేకంగా ఉన్న స్టూడెంట్ ఎక్స్‌ప్రెస్ అనే త్వరిత పద్ధతిని 2024 నవంబరు 8న ఎత్తేశారు. ఇప్పుడు కూడా "ఎక్స్‌ప్రెస్‌లో పెడతాను" అనే ఏజెంటును నమ్మకూడదు. 2024 జనవరి నుంచి, చదవబోయే కెనడా రాష్ట్రం ఇచ్చే ధ్రువీకరణ ఉత్తరం కావాలి. ప్రభుత్వ విద్యాసంస్థల్లో మాస్టర్స్, పీహెచ్‌డీ విద్యార్థులకు 2026 జనవరి 1 నుంచి దాని అవసరం లేదు. తిరస్కరణ వస్తే వెంటనే అవే కాగితాలతో మళ్లీ పెట్టడం డబ్బు పారేసుకోవడమే. అధికారి రాసుకున్న నోట్స్ చదివి, ఏ అనుమానం వచ్చిందో దానికి జవాబు చెప్పాలి. బ్రిటన్‌లో అయితే అధికారి లెక్క తప్పాడనిపించినప్పుడు 28 రోజుల్లోగా 80 పౌండ్లు కట్టి పునఃపరిశీలన అడగొచ్చు. కొత్త కాగితం చేర్చడానికి మాత్రం అది దారి కాదు.

అమెరికా సంగతి ప్రస్తుతానికి చిన్నదే. 2025 జులైలో నైజీరియన్ల విద్యార్థి, సందర్శక వీసాలను ఒక్క ప్రవేశానికి, మూడు నెలల గడువుకు కుదించారు. 2025 డిసెంబరు 16 నాటి ప్రకటన ప్రకారం 2026 జనవరి 1 నుంచి ఎఫ్, ఎమ్, జె విద్యార్థి వీసాల జారీనే నైజీరియన్లకు నిలిపివేశారు. ఆ ఆంక్ష తొలగిందని అధికారికంగా చూసుకోకుండా విద్యార్థి నమోదు కోసం కట్టే 350 డాలర్ల సెవిస్ ఫీజు, 185 డాలర్ల వీసా ఫీజు కట్టవద్దు. గ్రీన్‌కార్డు లాటరీ పేరుతో నైజీరియాలో ఇప్పటికీ ఫారాలు అమ్ముతున్నారు. 2015 ఏడాది వీసాల లాటరీ (డీవీ 2015) నుంచి నైజీరియాలో పుట్టినవాళ్లకు అందులో అర్హతే లేదు.

జర్మనీకి బ్లాక్డ్ ఖాతాలో 11,904 యూరోలు వేయాలి, నెలకు 992 చొప్పున తిరిగి ఇస్తారు. ఎక్కువ ప్రభుత్వ విశ్వవిద్యాలయాల్లో ఫీజు లేదు, బాడెన్-వ్యుర్టెంబెర్గ్‌లో మాత్రం సెమిస్టరుకు 1,500 యూరోలు. నైరాలో సంపాదించే కుటుంబానికి ఇది లెక్క కుదిరే దారి.

నర్సుల గురించి చెప్పకుండా ఉండలేం. ఇక్కడి ఆస్పత్రుల్లో మనవాళ్లతో కలిసి పనిచేసే నర్సుల్లో సగం మంది మనసులో ఇదే ఉంటుంది. 2024 ఫిబ్రవరిలో నైజీరియా నర్సింగ్ కౌన్సిల్ కొత్త నియమం తెచ్చింది: లైసెన్సు వచ్చాక రెండేళ్లు పనిచేస్తేనే విదేశీ కౌన్సిల్‌కు ధ్రువీకరణ పంపుతారు. బ్రిటన్ నమోదుకు ఐఈఎల్‌టీఎస్‌లో రైటింగ్ 6.5, మిగతావాటిలో 7 కావాలి, కంప్యూటర్ పరీక్ష ఇక్కడే రాయొచ్చు. 2023లో ఇబాదాన్‌లోని ఒక కేంద్రంలో ఒకరి బదులు ఇంకొకరు రాసిన వ్యవహారం బయటపడి, అక్కడ రాసినవాళ్లందరి ఫలితాల మీదా నీడ పడింది. కేంద్రాన్ని ఎంచుకునేటప్పుడు "అక్కడ సాయం చేస్తారట" అన్న మాట వినబడితే అటు వెళ్లకూడదు. వైద్య సిబ్బంది కొరత ఉన్న దేశాలతో ప్రపంచ ఆరోగ్య సంస్థ వేసిన రక్షణ జాబితాలో నైజీరియా ఉంది, కాబట్టి బ్రిటన్ సంస్థలు ఇక్కడికి వచ్చి నర్సులను పోగుచేయకూడదు. నర్సు తనంతట తాను నేరుగా దరఖాస్తు చేసుకోవచ్చు. వృద్ధుల సంరక్షణ ఉద్యోగాలకైతే విదేశాల నుంచి కొత్త నియామకాలు 2025 జులై 22న మూసేశారు. ఆ తేదీ తర్వాత కూడా "కేర్ వీసా" స్పాన్సర్‌షిప్పు అమ్ముతున్నవాడు దొంగ, అందులో సందేహం అక్కర్లేదు.

ఏ దారీ కుదరనివాళ్లను చివరికి తోసే చోట్లు రెండు. ఒకటి ఉత్తర సైప్రస్. టర్కీ తప్ప ఏ దేశమూ దాన్ని గుర్తించలేదు, అక్కడ నైజీరియా రాయబార కార్యాలయం లేదు, ఆపదలో పిలిస్తే పలికేవాళ్లు ఉండరు. ప్రవాసుల వ్యవహారాలు చూసే నైజీరియా ప్రభుత్వ కమిషనే పలుమార్లు హెచ్చరించింది. రెండోది పొరుగు దేశం బెనిన్‌లోని కొటొనూ నగరం. ఒక విలేకరి అక్కడి విశ్వవిద్యాలయం నుంచి ఆరు వారాల్లో డిగ్రీ సంపాదించిన కథనం వచ్చాక, 2024 జనవరిలో బెనిన్, టోగో డిగ్రీల గుర్తింపు ప్రక్రియను నైజీరియా ప్రభుత్వం నిలిపేసింది. నిజంగా అక్కడ నాలుగేళ్లు కూర్చుని చదివిన పిల్లలూ ఆ దెబ్బలో నలిగిపోయారు.

వెళ్లాక వచ్చే ఇబ్బంది ఒకటి మిగిలింది, దాన్ని ఎవరూ ముందు చెప్పరు. ఫీజు రెండో వాయిదా. వీసా కోసం చూపిన డబ్బు అలాగే ఉంటుందనుకుంటారు, కానీ అందులోంచే ఇంటి అద్దె, టికెట్టు పోతాయి. జనవరిలో వాయిదా వచ్చేసరికి నైరా ఇంకా పడుతుంది. 2023, 24లో ఇంగ్లండ్ ఉత్తరాన ఒక విశ్వవిద్యాలయంలో సరిగ్గా ఇదే జరిగి నైజీరియన్ విద్యార్థులను కోర్సు నుంచి తీసేశారు. విశ్వవిద్యాలయం విద్యార్థి పేరు కొట్టేసి వీసా విభాగానికి తెలిపితే, మామూలుగా 60 రోజుల్లో దేశం విడవాలి. వాయిదా తేదీ దాటాక రాసే ఉత్తరానికి విలువ తక్కువ. కట్టలేమని అనుమానం వచ్చిన వారమే ఫీజుల విభాగానికి మెయిల్ రాయాలి, ఎంత కట్టగలరో అంత ఆ రోజే కట్టాలి, మిగతాదానికి తేదీలతో ప్రణాళిక అడిగి, వాళ్లు ఒప్పుకున్న జవాబు దాచుకోవాలి. బయల్దేరేముందే రెండో వాయిదాను పౌండ్లలోకి మార్చి పక్కన పెట్టగలిగితే ఈ ఉత్తరాలేవీ రాయాల్సిన పని రాదు. మిమ్మల్ని సలహా అడిగిన సహోద్యోగికి మొదట ఈ వాయిదా డబ్బు ఉందా అని అడగండి, తర్వాత కోర్సు గురించి మాట్లాడండి.

ఇట్లు,
లాగోస్‌లో ఉంటున్న తెలుగు పాఠకులు